పాత సినిమాల్లో కథంతా నోటితోనే చెప్పేవాళ్లా?

"పాత సినిమాల్లో అన్నీ మాటల్లో చెప్పేవాళ్లు, ఇప్పుడు చూపించి వదిలేస్తున్నారు, ఎందుకీ మార్పు?" అని ఒకరు అడిగారు. సగమే నిజం.

మాది హనుమకొండ దగ్గర పల్లె. 'మాయాబజార్' (1957) టీవీలో ఎప్పుడొచ్చినా బాపమ్మ పక్కన కూర్చొని చూసేవాణ్ణి. అందులో ప్రియదర్శిని పేటిక ఉంటుంది కదా, మూత తీసినవాళ్లకు ప్రియమైనది కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు. రాబోయే గొడవంతా అక్కడే తెలిసిపోతుంది, ఎవరూ విడమర్చి చెప్పరు. అభిమన్యుడు ఎవరి కొడుకో చెప్పాల్సిన పనే లేదు. బడి మొహం చూడని బాపమ్మే నాకు చెప్పేది.

సాంఘిక చిత్రాలకు ఆ వెసులుబాటు లేదు. కొత్త మనుషులు, కొత్త కథ, ఎవరో ఒకరు చెప్పాలి. 'మూగమనసులు' (1964)లో పూర్వజన్మ కథను ఒక ముసలమ్మ చెబుతుంది. మన ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు కథ విన్నవాళ్లకు ఇది వింతేం కాదు. కథకుడు ఒక మాట అంటాడు, వంతవాళ్లు అందుకుంటారు, ఆలస్యంగా వచ్చి కూర్చున్నవాడికీ కథ అందుతుంది. టాకీసులోనూ అంతే. సగం మంది పేర్లు పడ్డాక వస్తారు, పైనుంచి ఈలలు. ఒకటికి రెండుసార్లు చెప్పకపోతే ఎట్లా?

ఇప్పుడు ఫోన్‌లో వెనక్కి జరిపి చూసుకోవచ్చు. అందుకే 'కేరాఫ్ కంచరపాలెం' (2018) లాంటివి ధైర్యం చేస్తున్నాయి (చూడనివాళ్లు ఈ పేరా దాటేయండి). నాలుగు ప్రేమకథలూ ఒకే మనిషివని చివరిదాకా దాచిపెట్టారు. అలాగని చెప్పుడు తగ్గలేదు. పెద్ద హీరో సినిమాల్లో ఆయన రాకముందే పదిమంది ఆయన గొప్ప చెబుతారు! "మన నాన్న పోయి పదేళ్లయింది కదరా తమ్ముడూ" అనే అన్నలూ ఉన్నారు. ఆ సంగతి తమ్ముడికి తెలియదా?

నాకు పట్టింపల్లా ఆ మాట ఎవరికోసం అన్నదే. 'బలగం' (2023) చివర్లో, ఇంటిపెద్ద పోయిన పదకొండో రోజున కథ పాడతారు. దుగ్గొండి మొగిలయ్య, కొమురమ్మ దంపతుల గొంతులవి. ఆ పాటలో మనకు తెలియనిది ఏమీ లేదు, కథంతా అప్పటికే చూశాం. వాళ్లు పాడింది మనకు కాదు, ఆ ఇంటివాళ్లకు. హనుమకొండలో నేను చూసిన ఆటకు నా ముందు వరుసలో అన్నదమ్ములో, బావమరుదులో, ఇద్దరు పెద్దమనుషులు తువ్వాళ్లతో కండ్లు తుడుచుకుంటూనే ఉన్నారు.