కలెక్టరేటు కట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కొత్త కలెక్టరేటు ఎస్టిమేటు నీ చేతికి వచ్చిందనీ, లక్షన్నర చదరపు అడుగుల గ్రీన్ బిల్డింగు కావాలన్నారనీ రాశావు. ఏ అద్దాలు వాడాలి, సోలార్ ఎంత పెట్టాలి అని అడిగావు. వాటి సంగతి తర్వాత. ముందు ఆ లక్షన్నర ఎక్కడిదో కనుక్కో. పక్క జిల్లా ప్లానుకు పేరు మార్చి పంపిన అంకె అయితే దాని మీద ఒక్క గీత కూడా గీయకు.

ప్రతి శాఖకూ నువ్వే వెళ్లు. శాంక్షనైన పోస్టులు కాదు, రోజూ కుర్చీలో కూర్చునేవాళ్లు ఎందరో చూడు. ఎందరు ఫీల్డులో ఉంటారు? మీటింగు హాలు తలుపు వారానికి ఎన్ని గంటలు తెరుస్తారు? సోమవారం ప్రజావాణికి ఎంతమంది వస్తారు? అర్జీలు పట్టుకుని వచ్చే ఆ జనానికి కావాల్సింది పాలరాతి లాబీ కాదురా. నీడ ఉన్న వెడల్పాటి వరండా, ఫ్యాన్లు, మంచినీళ్లు, కూర్చోవడానికి బల్లలు కావాలి. హాలు శాఖకొకటి అక్కర్లేదు, అందరూ ఒకదాన్ని పంచుకోవచ్చు. ఇలా లెక్కేశాక ఎంత మిగిలితే అంతే నీ ప్లింత్ ఏరియా, అంటే కట్టాల్సిన వైశాల్యం. రేపు సిబ్బంది పెరుగుతారేమోనని ఎవరైనా అంటే, పై అంతస్తు మోసేలా పునాదులు, స్తంభాలు వేసి వదిలెయ్. అవసరం వచ్చిన రోజున కడతారు.

దీని మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. భవనం ఎంత పొదుపో చెప్పడానికి మనవాళ్లు ఏడాదికి చదరపు మీటరుకు ఎన్ని యూనిట్లు కాలాయో చూస్తారు. భాగించేది వైశాల్యంతో. ఎవరూ కూర్చోని కారిడార్లు, లాబీలు కలిపేకొద్దీ ఆ అంకె తగ్గుతుంది, మీటరు మాత్రం ఎక్కువే తిరుగుతుంది. అందుకని నీ నోటులో ఇంకో అంకె కూడా రాయి: అక్కడ పనిచేసే ఒక్కో మనిషికి ఏడాదికి ఎన్ని యూనిట్లు. ఈ అంకెను ఖాళీ గదులతో తగ్గించలేరు.

పాత భవనం పనికొస్తుందేమో చూడకుండా కొత్త దానికి ఒప్పుకోకు. హైదరాబాదులో 2020 జూలైలో పాత సచివాలయం బ్లాకులు కూల్చారు. వాటిలో కొన్నిటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఆ సిమెంటు, ఉక్కు తయారుచేయడానికి ఎంత బొగ్గు కాలిందో ఏ కొత్త భవనం కరెంటు బిల్లులోనూ కనిపించదు. నాకు ఇప్పటికీ మనసు ఒప్పని విషయం అది.

ఇక ఏసీ. కన్సల్టెంటు ఎన్ని టన్నులు చెప్తే అన్నీ రాసుకోకు, గదివారీగా లెక్క అడుగు. ఆదివారం ఒక్క ఛాంబరు చల్లబడటానికి మొత్తం చిల్లరు (భవనమంతటి ఏసీకి నీళ్లు చల్లబరిచే యంత్రం) ఆన్ చేయాల్సిన డిజైను వద్దే వద్దు. పెద్ద చిల్లరు తక్కువ లోడు మీద నడిస్తే కరెంటు తింటుంది. సర్వర్ రూముకు విడిగా పెట్టించు. హెచ్‌టీ కనెక్షను, అంటే పెద్ద వాడకందారులకిచ్చే హై టెన్షన్ కరెంటు, అయితే ఇంకోటి ఉంది. కరెంటు కంపెనీతో ముందే ఒప్పుకున్న గరిష్ఠ లోడును కాంట్రాక్ట్ డిమాండు అంటారు, దాన్ని కేవీఏల్లో కొలుస్తారు. నువ్వు వాడినా వాడకపోయినా అందులో కనీసం 80 శాతానికి నెలనెలా డిమాండు చార్జీ కట్టాల్సిందే. ఎక్కువ ఊహించి రాసిన ప్రతి కేవీఏకీ ఆ జిల్లా ఏళ్ల తరబడి కడుతూనే ఉంటుంది.

ఒక రోజు సెలవు పెట్టి రెండు చోట్లు చూసిరా. కొండాపూర్ దగ్గర సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004లో కలాం గారు ప్రారంభించారు. అమెరికావాళ్లు గ్రీన్ భవనాలకిచ్చే లీడ్ రేటింగులో అన్నిటికన్నా పైదైన ప్లాటినంను అమెరికా బయట మొదట అందుకున్న భవనం అదే. మొత్తం కలిపి 20,000 చదరపు అడుగులే. నడిమధ్య ఖాళీ వాకిలి, గాలి బురుజులు, చెక్కుడు జాలీలు. మన పాత లోగిళ్లలో ఉన్నవే. రెండోది పోచారంలో ఇన్ఫోసిస్ భవనం. గోడలూ కిటికీలూ ఒకేలా ఉన్న రెండు సగాల్లో ఒకదానికి మామూలు ఏసీ, రెండోదానికి చల్లటి నీళ్లు పైకప్పు గొట్టాల్లో పారే పద్ధతి పెట్టి ఏళ్ల తరబడి కొలిచారు. చల్లబరచడానికి రెండో సగం సుమారు మూడో వంతు తక్కువ కరెంటు వాడింది. నేర్చుకోవాల్సింది గొట్టాల సంగతి ఒక్కటే కాదు, అలా విడివిడిగా మీటర్లు పెట్టి కొలవడం కూడా. నీ భవనంలో లైట్లకు, ఏసీకి, లిఫ్టుకు, కంప్యూటర్లకు వేర్వేరు సబ్‌మీటర్లు ఎస్టిమేటులోనే పెట్టు. తర్వాత ఎవరూ పెట్టరు.

పొడుగు ముఖాలు ఉత్తరం, దక్షిణం వైపు ఉండాలి. పడమటి వైపు మెట్లు, టాయిలెట్లు, రికార్డు రూములు పెట్టెయ్. అక్కడ గాజు గోడ అడిగితే మే నెల మూడు గంటలప్పుడు వాళ్లనే ఆ ఎండలో నిలబెట్టి చూపించు. పైకప్పుకు తెల్ల పూత తప్పదు. ఇవన్నీ అయ్యాక మిగిలిన అవసరానికి సోలార్ లెక్కెయ్.

పైవాళ్లతో వాదన పెట్టుకోకు. ఫైల్లో రెండు డిజైన్లూ పక్కపక్కన పెట్టి, పదేళ్ల కరెంటు ఖర్చు, మెయింటెనెన్సు రూపాయల్లో రాసి సంతకం చెయ్. ఇప్పుడు ఆఫీసులున్న అద్దె భవనాల ఏడాది బిల్లులు అన్నీ సేకరించి నాకు పంపు. తలకు ఎన్ని యూనిట్లో ఇద్దరం కూర్చుని తేలుద్దాం.

మీ మామయ్య