ఆ ఒక్క స్టార్ గురించి అమ్మలుకి

అక్కయ్యపాలెం,
విశాఖపట్నం.

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే నాకేమీ నోటికి రాలేదు. "పోనీలే తల్లీ" అని పెట్టేశాను. పోనీలే అనుకునే విషయం కాదని నాకు తెలుసు. మూడు నెలలుగా గాజువాక నుంచి లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాకకి బస్సుల్లో తిరిగి, ఒక్కో లక్కపిడతనీ మెత్తటి గుడ్డతో తుడిచి, ఫోటోలు తీసి అమెజాన్‌లో పెట్టుకున్న షాపు అది. ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి "ఫ్రాడ్ సెల్లర్, అన్నీ కెమికల్ రంగులు, ఎరుపు ఫోటోలో ఉన్నట్టు లేదు, ఐఎస్‌ఐ మార్కు కూడా లేదు" అని రాసి ఒక్క స్టార్ ఇచ్చి పోతే కడుపు మండదూ? అందుకే తెల్లారగానే కూర్చుని రాస్తున్నాను. ఫోన్‌లో మాట గాలికి పోతుంది, కాగితమైతే మళ్ళీ తీసి చదువుకుంటావు.

ముందు ఒకటి. రాత్రి కోపంగా రాసి నాకు చదివి వినిపించిన ఆ జవాబు ఇంకా పోస్ట్ చేయలేదు కదా? చేయకు. ఎందుకు వద్దంటున్నానో నా సంగతే చెప్తాను.

2014లో నేను కుంకుమ భరిణెలు కొత్తగా ఆన్‌లైన్‌లో పెట్టాను. అక్టోబర్ 12 ఆదివారం హుద్‌హుద్ తుపాను వచ్చింది. నువ్వప్పుడు చిన్నదానివి, మీ ఇంటి ముందు వేపచెట్టు పడిపోయిందని ఏడ్చావు. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, కొరియర్ బండి లేదు. పంపాల్సిన పార్సిళ్ళు మా వరండాలోనే తడిసి ముద్దయ్యాయి. సిగ్నల్ వచ్చాక ఫోన్ తెరిస్తే ఒకావిడ రాసిన మాట కనిపించింది: "డబ్బు తీసుకుని మాయమయ్యారు, మోసగాళ్ళు." నాకు ఒళ్ళు మండింది. "మా ఊరు నాశనమైపోయిందని టీవీలో చూడలేదా? మీకు మనసనేది ఉందా?" అని రాసేశాను.

నేను రాసినదాంట్లో అబద్ధం లేదు. కానీ తర్వాత ఆ పేజీ చూసిన వాళ్ళకి తుపాను తేదీ ఎందుకు గుర్తుంటుంది? కొన్న మనిషిని అమ్మిన మనిషి తిట్టడం ఒక్కటే కనిపించింది. మరుసటి ఏడాది దీపావళి ముందు ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది. "ఆంటీ, భరిణెలు చాలా నచ్చాయి, కానీ మీ జవాబు చదివి భయమేసింది. విరిగి వస్తే మీతో గొడవపడలేను" అని. ఏడాదిలో అలా అడక్కుండానే వెళ్ళిపోయిన వాళ్ళు ఎంతమందో నాకు తెలియదు. ఆ ఒక్క అమ్మాయి చెప్పబట్టి తెలిసింది. తిట్టిన మనిషి మళ్ళీ వచ్చి మన జవాబు చదవడం అరుదు, అమ్మలూ. చదివేది కొనాలా వద్దా అని ఆగి చూస్తున్న కొత్త మనిషి. నువ్వు ఆ మనిషితో మాట్లాడుతున్నాననుకుని రాయి.

ఇప్పుడు నీకు ఒక్క స్టార్ ఇచ్చినాయన రాసిన వాక్యాన్ని ముక్కలు చేసి చూద్దాం. నిజంగా అన్యాయమైనది ఎంత, మన చేతిలో ఉన్నది ఎంత అన్నది అప్పుడే తేలుతుంది.

"కెమికల్ రంగులు" అన్నది అబద్ధం. నువ్వు తెచ్చే సరుకు అంకుడు కర్రతో చేసింది. లక్కలో కలిపేవి జాఫ్రా గింజ, పసుపు, నీలిమందు లాంటి రంగులు. అది నీ కళ్ళతో చూసి తెచ్చావు. ఈ రంగుల పనికే ఏటికొప్పాక సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఇక్కడ వెనక్కి తగ్గక్కర్లేదు.

"ఎరుపు ఫోటోలో ఉన్నట్టు లేదు" అన్నచోట ఆగు. చెట్టు రంగు విడతకొకలా వస్తుంది, నీకూ నాకూ తెలుసు. ఆయనకెలా తెలుస్తుంది? ఫోటో కింద ఆ మాట నువ్వు రాయలేదు. పైగా ట్యూబులైటు కింద తీసిన ఫోటో. ఆయన గొంతు అన్యాయంగానే ఉంది, ఆ ముక్క మాత్రం నిజం. నీకు కష్టంగా ఉన్నా ఇది ఒప్పుకో.

ఐఎస్‌ఐ సంగతి జాగ్రత్తగా చూడు. 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకి ఆ మార్కు తప్పనిసరి చేశారు. అంతకుముందే, 2020 డిసెంబర్‌లో, కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు తామే చేసి అమ్మే బొమ్మలకీ, జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) ఉన్నవాటికి దాని హక్కుదారులకీ, ఆ పేరు వాడుకోవడానికి నమోదైన వాళ్ళకీ మినహాయింపు ఇచ్చారు. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో జీఐ వచ్చింది. కానీ నువ్వు కొని అమ్ముతున్నావు కాబట్టి, నీకు సరుకిచ్చే వాళ్ళ దగ్గర ఏ కాగితం ఉందో, నీ అమ్మకానికి అది సరిపోతుందో కనుక్కో. కాపీ చేతికి వచ్చేదాకా జవాబులో ఆ మాట ఎత్తకు. కాగితం లేకుండా చట్టం మాట్లాడితే ఉన్న నమ్మకం కూడా పోతుంది.

ఆ ఒక్క స్టార్ తీయించే దారి ఉందా అని అడిగావు. అమెజాన్‌లో అమ్మిన మనిషి మీద రాసే సెల్లర్ ఫీడ్‌బ్యాక్ వేరు, వస్తువు మీద రాసే ప్రొడక్ట్ రివ్యూ వేరు. నీకు పడింది సెల్లర్ ఫీడ్‌బ్యాక్. అందులో రాసిందంతా వస్తువు గురించే అయితే తీసేయమని అడగొచ్చు, 90 రోజుల్లోపు అడగాలి. ఆయన "ఫ్రాడ్ సెల్లర్" అని కూడా అన్నాడు కాబట్టి ఒప్పుకోకపోవచ్చు. అయినా అడుగు, ఒకసారి, మర్యాదగా. చేతిపని సరుకు అమ్మే ఎట్సీ సైటులో ఇంకో మెలిక ఉంది. అక్కడ నువ్వు అందరికీ కనిపించేలా జవాబు పెట్టావంటే, కొన్నవాళ్ళు ఇక తమ రివ్యూ మార్చలేరు. అందుకని అక్కడ ముందు మెసేజ్‌లో మాట్లాడు, జవాబు ఆఖర్న.

ఇక జవాబు. నేనైతే ఇలా రాస్తాను:

"మా బొమ్మలు మీకు నచ్చకపోవడం బాధగా ఉంది. ఇవి ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద, చెట్ల నుంచి తీసిన రంగులు కలిపిన లక్కతో చేసినవి. విడతను బట్టి ఎరుపు కొంచెం మారుతుంది. ఆ సంగతి ఫోటో కింద రాయకపోవడం మా పొరపాటు, ఇప్పుడు రాశాం. వెనక్కి పంపితే మీ డబ్బు పూర్తిగా ఇస్తాం."

అంతే. ఆయన పేరు, ఊరు, ఆర్డర్ నంబరు ఏదీ ఉండకూడదు. "రివ్యూ మారిస్తే డబ్బు ఇస్తాం" అని మాత్రం పొరపాటున కూడా రాయకు. డబ్బు వెనక్కి ఇవ్వాలనిపిస్తే ఊరికే ఇచ్చెయ్. లేబుల్ మీద నంబరు ఉంది కదా అని ఆయనకి ఫోన్ అసలు చేయకు.

తమ్ముడి ఫ్రెండ్స్‌తో పది మంచి రివ్యూలు రాయిస్తానన్నావు. ఆ మాట విన్నప్పుడే నాకు ఎక్కువ బాధ వేసింది. కొన్నవాళ్ళలా నటించి అమ్మేవాళ్ళు రివ్యూలు పెట్టకూడదని 2020 ఈ-కామర్స్ నియమాల్లోనే ఉంది. చట్టం మాట పక్కన పెట్టినా, నిన్ను మోసగత్తె అన్నందుకే కదా రాత్రంతా నిద్ర పోలేదు? ఆ పని చేస్తే ఆయన అన్నమాట నువ్వే నిజం చేసినట్టు.

టెన్షన్ తగ్గడానికి ఒక లెక్క చెప్తాను. నీకు ఐదు స్టార్ల రేటింగులు తొమ్మిది ఉన్నాయి, ఇప్పుడు ఒక్క స్టార్‌ది ఒకటి. సాదా సగటున 4.6. ఇంకో పదిమంది సంతోషంగా ఐదు ఇస్తే 4.8. నీకు వారానికి రెండు మూడు ఆర్డర్లు వస్తున్నాయి. అందరూ రివ్యూ రాయరు కాబట్టి కొన్ని నెలలు పడుతుంది, పట్టనీ.

రేపెప్పుడైనా "సగం డబ్బు తిరిగి పంపు, లేకపోతే ఒక్క స్టారే" అని ఎవరైనా మెసేజ్ పెట్టొచ్చు. నాకు రెండుసార్లు జరిగింది. మొదటిసారి భయపడి ఇచ్చేశాను, వారం తిరక్కుండా అదే మనిషి మళ్ళీ ఆర్డర్ పెట్టి మళ్ళీ అదే మాట అన్నాడు. రెండోసారి స్క్రీన్‌షాట్ తీసి సైటు వాళ్ళకి పంపాను. నువ్వు మొదటిసారే ఆ పని చెయ్. పార్సిల్ కట్టేటప్పుడు లేబుల్ కనిపించేలా ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకో. విరిగిందన్న మాట వచ్చినప్పుడు నీ దగ్గర చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి.

ఆదివారం పొద్దున పది గంటలకి వస్తాను. ఎరుపు సెట్లు రెండు విడతలవీ తీసి ఉంచు. డాబా మీద నీడపట్టున పక్కపక్కన పెట్టి ఫోటో తీద్దాం, సైజు తెలిసేలా ఒక రూపాయి బిళ్ళ కూడా పెడదాం. అట్టపెట్టెలు నువ్వు కొనకు, పూర్ణా మార్కెట్‌లో చూసి నేనే తెస్తాను. ముందు ఫోటో కింద ఎరుపు సంగతి రాసి, నేను పైన రాసిన జవాబు మాత్రం ఈ రాత్రికే పెట్టెయ్, పెట్టాక నాకు ఫోన్ చెయ్.

మీ దొడ్డమ్మ