ఫుట్‌బాల్ ముందు, బాస్కెట్‌బాల్ తర్వాత

ఓవర్‌ల్యాండ్ పార్క్,
అక్టోబర్ 2025

చి. అమ్మలుకి,

మామయ్య ఆశీస్సులు. స్టూడెంట్ పాస్ కొనాలా వద్దా, కొంటే ఏ ఆటకి వెళ్లాలి అని మొన్న ఫోన్‌లో అడిగావు. అప్పుడు డ్రైవింగ్‌లో ఉండి సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. పాస్ కొను. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ రెండూ కలిసి వచ్చేదే కొను. ఫుట్‌బాల్ అంటే ఇక్కడ బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట. కేయూ, అంటే మీ కాన్సాస్ యూనివర్సిటీ, అనగానే బాస్కెట్‌బాలే అని నీ రూమ్మేట్లు చెప్పింది నిజమే, కాదనను. అయినా నా మాట విని ముందు ఫుట్‌బాల్‌కి వెళ్లు.

బాస్కెట్‌బాల్‌లో మనం గెలిస్తే ఎవరూ పట్టించుకోరు, ఓడితేనే వార్త. ఫుట్‌బాల్‌లో దీనికి పూర్తిగా తలకిందులు. ఓడిపోతామని తెలిసీ నవంబర్ చలిగాలిలో దుప్పటి కప్పుకుని ఆఖరి నిమిషం దాకా కూర్చునే పెద్దవాళ్లు కనిపిస్తారు. నలభై ఏళ్లుగా అవే సీట్లు కొంటున్నవాళ్లు వాళ్లలో ఉంటారు. వాళ్ల పక్కన కూర్చుని మాట కలుపు. మీ యూనివర్సిటీ ఉన్న లారెన్స్ ఊరు నీకు క్లాసుల్లో కన్నా అక్కడే ఎక్కువ తెలుస్తుంది.

వాళ్లని 1969 ఆరెంజ్ బౌల్ (సీజన్ చివర మంచి జట్లకి పెట్టే బౌల్ మ్యాచ్‌ల్లో ఒకటి) గురించి మాత్రం అడగకు. అడిగితే మ్యాచ్ చూడనివ్వరు. జనవరి 1న మయామీలో పెన్ స్టేట్ జట్టు చివర్లో టచ్‌డౌన్ చేసింది, అంటే బంతిని మన వైపు చివరి గీత దాటించింది. అయినా మనం ఇంకా ఒక పాయింట్ ఆధిక్యంలో ఉన్నాం. టచ్‌డౌన్ తర్వాత దొరికే అదనపు అవకాశంలో వాళ్లు రెండు పాయింట్ల కోసం ప్రయత్నించారు, మనవాళ్లు ఆపేశారు, గెలిచేశాం అనుకుని సంబరాలు కూడా మొదలయ్యాయి. తీరా చూస్తే మైదానంలో మనవాళ్లు పదకొండుకి బదులు పన్నెండు మంది ఉన్నారు. పెనాల్టీ పడింది, వాళ్లకి ఇంకో అవకాశం దొరికింది, 15-14తో ఓడిపోయాం. చేతికందిన కూడు నోటికందకపోవడం అంటే అదే. చూసినవాళ్లు ఇప్పటికీ ఆ పన్నెండో మనిషిని తిట్టుకుంటూనే ఉన్నారు.

నేను ఎం.ఎస్.కి వచ్చింది 2006 ఆగస్టులో. మరుసటి ఏడాది ఫుట్‌బాల్ జట్టు ఎవరూ ఊహించనట్టు ఆడింది. టాడ్ రీసింగ్ అనే పొట్టి క్వార్టర్‌బ్యాక్ (జట్టుని నడిపిస్తూ బంతి విసిరేవాడు) ఉండేవాడు, అటూ ఇటూ పరిగెత్తి దొరక్కుండా తప్పించుకుని బంతి విసిరేవాడు. నెబ్రాస్కా మీద 76 పాయింట్లు కొట్టాం. ఓడింది ఒక్కటే మ్యాచ్, అదీ మిజోరీ చేతిలో. చివరికి ఆరెంజ్ బౌల్‌లో వర్జీనియా టెక్‌ని 24-21తో ఓడించి సీజన్ 12-1తో ముగించారు. ఆ తర్వాత ఏమైందో నమ్మడం కష్టం. 2009 చివర్లో కోచ్ మార్క్ మాంజీనో వెళ్లిపోయాడు. వచ్చిన కోచ్ వచ్చినట్టే పోయాడు. 2015లో ఆడిన పన్నెండు మ్యాచ్‌లూ ఓడారు. బయటి ఊళ్లలో ఆడిన మ్యాచ్‌లైతే వరసగా 46 ఓడి, 2018లో గానీ ఒకటి గెలవలేదు. ఆ రోజుల్లో స్టేడియంలో మూడో క్వార్టర్‌కి మిగిలేవాళ్లం కొద్దిమందిమే. ఒకరి ముఖాలు ఒకరికి గుర్తుండిపోయాయి.

2021లో కోచ్‌గా లాన్స్ లైపోల్డ్ వచ్చాక పరిస్థితి మారింది. ఆ ఏడాది నవంబర్‌లో ఆస్టిన్‌లో జరిగిన టెక్సస్ మ్యాచ్ వీడియో దొరుకుతుంది, తప్పకుండా చూడు. అప్పటికి మనం గెలిచింది ఒక్కటే మ్యాచ్. అలాంటిది ఓవర్‌టైమ్ దాకా లాగారు. మనం టచ్‌డౌన్ చేశాక ఒక పాయింట్ కొట్టి స్కోరు సమం చేయొచ్చు, లేదా రెండుకి తెగించొచ్చు. తెగించారు. క్వార్టర్‌బ్యాక్ జేలన్ డేనియల్స్‌ని అవతలివాళ్లు చుట్టుముడుతుంటే దొరికిన చోటుకి బంతి విసిరాడు. దాన్ని పట్టుకున్నవాడు జారెడ్ కేసీ, ప్లెయిన్‌విల్ అనే చిన్న ఊరివాడు, స్కాలర్‌షిప్ కూడా లేకుండా జట్టులో చేరిన కుర్రాడు. 57-56. మా ఇంట్లో నేను వేసిన కేకకి మీ అత్త వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది. 2023లో బౌల్‌తో కలిపి తొమ్మిది మ్యాచ్‌లు గెలిచారు. నిరుడు మళ్లీ ఐదు గెలిచి ఏడు ఓడే స్థితికి జారారు. స్టేడియం పడగొట్టి కడుతుండటంతో సొంత మ్యాచ్‌లన్నీ కాన్సాస్ సిటీ వైపు వచ్చి ఆడారు, అది కూడా ఒక కారణం అనుకుంటాను.

ఈ ఆగస్టులో కొత్త స్టేడియం తెరిచారు. ఇప్పటికి నాలుగు గెలిచి మూడు ఓడారు. బౌల్‌కి వెళ్లాలంటే ఆరు గెలవాలి, ఇంకా ఐదున్నాయి. గెలుస్తారని హామీ ఇవ్వలేను. డేనియల్స్‌కి మాత్రం ఇదే ఆఖరి సీజన్, 2020 నుంచీ ఇక్కడే ఉన్నాడు, వెన్నునొప్పితో ఒక సీజన్ దాదాపు పోగొట్టుకుని కూడా జట్టు మారలేదు. ఈ కాలంలో అది చిన్న విషయం కాదు. ఇప్పుడు ఆటగాళ్లు ఏటా కాలేజీ మారిపోవచ్చు. ఈ జూలై నుంచి యూనివర్సిటీలే ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇస్తున్నాయి, ఒక్కో యూనివర్సిటీకి ఏడాదికి సుమారు రెండు కోట్ల డాలర్ల పరిమితితో. పాతతరం వాళ్లు దీని మీద గంటలకొద్దీ సణుగుతారు. నాకైతే టికెట్ డబ్బంతా కోచ్‌లకే పోయిన రోజులకంటే ఇదే నయం అనిపిస్తుంది.

ఆట అర్థం కాదేమో అని భయపడకు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి వెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు, లేకపోతే బంతి అవతలివాళ్లకి. మొదటి రోజుకి ఇది చాలు. మిగతాది పక్కవాళ్లు చెబుతారు, అడిగేవాళ్లు దొరికితే వాళ్లకి పండగే. మన జట్టు టచ్‌డౌన్ కొట్టాక అందరూ చేతులెత్తి గోధుమ చేను గాలికి ఊగినట్టు అటూ ఇటూ ఊపుతారు, నువ్వూ ఊపు. "రాక్ చాక్, జేహాక్, కేయూ" (జేహాక్ అంటే మన జట్టు పేరు) అనేది అరుపు కాదు, నెమ్మదిగా సాగదీసి అనాలి. బ్యాగు లోపల ఉన్నవి బయటికి కనిపించే ప్లాస్టిక్‌ది అయితేనే లోపలికి రానిస్తారు. మ్యాచ్ రోజు క్యాంపస్ దగ్గర కారు పెట్టే ఆలోచన మానుకో, నడిచి వెళ్లు.

ఇక బాస్కెట్‌బాల్. ఈ ఆటని కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్తే మన మొదటి కోచ్, 1898లో ఇక్కడికి వచ్చాడు. విచిత్రం ఏమిటంటే కేయూ కోచ్‌లందరిలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువ ఉన్నది ఆయనకొక్కడికే. ఆయన టైప్ చేయించిన 13 నియమాల అసలు కాగితాలు అలెన్ ఫీల్డ్‌హౌస్ పక్కన డిబ్రూస్ సెంటర్‌లో ఉన్నాయి. ఫుట్‌బాల్ స్టేడియం మీద పేరున్న డేవిడ్ బూత్ 2010 వేలంలో 43 లక్షల డాలర్లు పోసి కొని తెచ్చాడు. క్లాసుల మధ్య ఖాళీ ఉన్నప్పుడు వెళ్లి చూడు, అడుగు దూరంలో నిలబడి చదవొచ్చు.

ఫీల్డ్‌హౌస్ 1955లో కట్టింది. పదిహేను వేల మందికి పైగా పడతారు, శబ్దం పైకప్పుకి తగిలి మళ్లీ మన మీదే పడుతుంది. బయట మంచు ఉన్నా లోపల ఉక్కపోస్తుంది, స్వెటర్ కింద పల్చటి టీషర్ట్ వేసుకో. స్టూడెంట్ సెక్షన్‌లో కూర్చోవడం ఉండదు, రెండు గంటలూ నిలబడాల్సిందే. అవతలి జట్టుని పరిచయం చేస్తున్నప్పుడు అందరూ స్టూడెంట్ పేపర్ తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకుంటారు, "మీరెవరో మాకు తెలీదు" అన్నట్టు. మనవాళ్ల పేర్లు మొదలవగానే ఆ కాగితాలే చింపి పైకి విసురుతారు.

పెద్ద మ్యాచ్‌లకి ముందు వరసలు కావాలంటే క్యాంపింగ్ చేయాలి. బృందంగా పేర్లు ఇస్తే లాటరీ వేస్తారు. ఆ తర్వాత మ్యాచ్ దాకా బృందంలో ఎవరో ఒకరు ఫీల్డ్‌హౌస్‌లో కాపలా ఉండాలి. హాజరు పిలిచినప్పుడు ఎవరూ లేకపోతే పేరు కొట్టేస్తారు. హోంవర్క్ అక్కడే కూర్చుని చేసుకోవచ్చు, మంచి స్నేహితులూ దొరుకుతారు. కానీ సెమిస్టర్‌కి ఒకసారికి మించి వద్దు. నీ గ్రేడ్లు పడిపోతే మీ అమ్మ ముందు నన్నే పట్టుకుంటుంది. ఇంకో కిటుకు చెబుతాను. థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్ సెలవులకి ఇక్కడి పిల్లలంతా ఇళ్లకి వెళ్లిపోతారు. ఊళ్లో మిగిలేది మనలాంటివాళ్లే. ఆ రోజుల్లో మ్యాచ్ ఉంటే ఏ క్యాంపింగూ లేకుండా ముందుకెళ్లి నిలబడొచ్చు. నేను చదువుకునేటప్పుడు మంచి సీట్లన్నీ అలా దొరికినవే.

ఈ ఆటలో నువ్వు కళ్లు పెట్టాల్సింది ఫ్రీ త్రోల మీద, అంటే ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డుపడకుండా వేసే షాట్ల మీద. 2008 ఏప్రిల్ 7, శాన్ ఆంటోనియోలో కాలేజీల జాతీయ టోర్నమెంట్ ఫైనల్, మెంఫిస్‌తో. రెండు నిమిషాల చిల్లర మిగిలి ఉండగా తొమ్మిది పాయింట్లు వెనక ఉన్నాం. అక్కడి నుంచి మెంఫిస్ వాళ్లు ఫ్రీ త్రోలు వరసగా పోగొట్టారు. పది సెకన్లు మిగిలి ఉండగా మనం ఇంకా మూడు పాయింట్లే వెనక ఉన్నాం. షెరాన్ కాలిన్స్ బంతి తీసుకుని పరుగెత్తాడు, తడబడి పడబోతూ మారియో చామర్స్‌కి అందించాడు. చామర్స్ మీదికి డెరిక్ రోజ్ చేతులు చాచి ఎగిరాడు. బంతి నేరుగా లోపల పడింది, గడియారంలో రెండు సెకన్లు. ఓవర్‌టైమ్‌లో 75-68. ఆ రాత్రి లారెన్స్ ప్రధాన వీధి మాస్ స్ట్రీట్‌లో నడవడానికి చోటు లేదు, ముక్కూమొహం తెలియనివాళ్లు కౌగిలించుకున్నారు. 2022లో విరామానికి 15 పాయింట్లు వెనకబడి నార్త్ కెరొలైనాని 72-69తో ఓడించినప్పుడూ మాస్ స్ట్రీట్ అంతే.

నిరుడు సీజన్ మొదలవకముందే మనకి నంబర్ వన్ ర్యాంకు ఇచ్చారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. బేలర్ యూనివర్సిటీ మీద 21 పాయింట్ల ఆధిక్యం పోగొట్టి ఓడారు. మార్చిలో టోర్నమెంట్ మొదటి మ్యాచ్‌లోనే ఆర్కన్సా చేతిలో 79-72తో ఇంటికొచ్చారు, 2006 తర్వాత మొదటి రౌండ్‌లో ఓడటం అదే మొదటిసారి. ఆర్కన్సా కోచ్ ఎవరనుకున్నావు? 2008లో మెంఫిస్‌కి కోచ్‌గా ఉన్న జాన్ కాలిపారీ. పదిహేడేళ్ల తర్వాత బాకీ తీర్చుకున్నాడు.

ఈసారి ర్యాంకులు తక్కువే ఇచ్చారు, నాకు అదే బాగుంది. నిరుటి ముఖ్య ఆటగాళ్లు డికిన్సన్, హ్యారిస్, ఆడమ్స్ ముగ్గురూ వెళ్లిపోయారు, జట్టు దాదాపు కొత్తది. అందరి కళ్లూ డారిన్ పీటర్సన్ మీదే. ఒహాయో కుర్రాడు, ఈ ఏడాది కాలేజీల్లో చేరినవాళ్లలో అందరికంటే మెరుగైన ఒకరిద్దరిలో వీడొకడు. ఏడాది ఆడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏకి వెళ్లిపోతాడు, కాబట్టి ఈ చలికాలంలోనే చూసెయ్యాలి. ఇల్లినాయ్ నుంచి వచ్చిన ట్రే వైట్‌కి ఇది నాలుగో కాలేజీ. సెయింట్ బొనవెంచర్ నుంచి వచ్చిన మెల్విన్ కౌన్సిల్ పోట్లాడి ఆడతాడట. నా లెక్కలో అసలు కీలకం మాత్రం ఫ్లోరీ బిడుంగా. కాంగో నుంచి వచ్చిన కుర్రాడు, వసంతంలో వేరే కాలేజీకి వెళ్లిపోతానని పేరు ఇచ్చి మళ్లీ మనసు మార్చుకున్నాడు. బుట్ట దగ్గర కాపలా కాసేది వాడే. మొదటి సగంలోనే రెండు ఫౌల్స్ చేశాడంటే మన కోచ్ బిల్ సెల్ఫ్ వాడిని బెంచి మీద కూర్చోబెడతాడు, అప్పటి నుంచి మనకి కష్టాలే. మ్యాచ్ చూస్తున్నప్పుడు స్కోరు కన్నా ముందు వాడి ఫౌల్స్ చూడు.

నవంబర్ 7న నార్త్ కెరొలైనా ఊళ్లో, 18న న్యూయార్క్‌లో డ్యూక్‌తో ఆడతారు. రెండూ ఓడినా కంగారు పడకు, కొత్త జట్టు కుదురుకోవడానికి జనవరి పడుతుంది. డిసెంబర్ మొదట్లో కనెటికట్ మన ఫీల్డ్‌హౌస్‌కి వస్తోంది. క్యాంపింగ్ ఒక్కసారే అన్నాను కదా, అది దీనికి వాడుకో.

ముందు మాత్రం ఈ నెల 25న కే-స్టేట్‌తో, అంటే కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీతో, ఫుట్‌బాల్ మ్యాచ్. వాళ్ల మీద మనం చివరిసారి గెలిచింది 2008లో. అక్కణ్ణుంచి నిరుటి దాకా పదహారేళ్లు వరసగా ఓడాం, ఈసారీ వాళ్లదే పైచేయి అంటున్నారు. మేం పొద్దున్నే బయల్దేరి కొండ కింద గడ్డి మీద కుర్చీలు వేసుకుంటాం. అత్త పులిహోర కలిపి తెస్తానంది, గ్రిల్ మీద నీకోసం జొన్నపొత్తులు కాలుస్తాను. నీ రూమ్మేట్లనీ తీసుకురా. ఎవరూ ఊదా రంగు బట్టలు వేసుకురావద్దని చెప్పు, అది వాళ్ల రంగు. నీ దగ్గర నీలం స్వెటర్ లేకపోతే ఫోన్ చెయ్యి, మా ఇంట్లో మూడున్నాయి.

ఉంటాను,
మామయ్య