జీరో బిల్లు ఇంట్లో స్మార్ట్ స్విచ్‌లతో మిగిలేదెంత?

ప్రశ్న: బెంగళూరు మల్లేశ్వరంలో మాది 1982లో కట్టిన ఇల్లు, మామగారి పేరున ఉంది. లైట్లు, ఫ్యాన్లు ఫోన్‌తో నడిచేలా ఇల్లంతా స్మార్ట్‌గా మార్చడానికి ఒక కంపెనీ 1.2 లక్షలు అడిగింది. 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ అన్నారు, 5 వేలు అడ్వాన్స్ ఇచ్చాం. మా ఆయనేమో 40 వేలల్లో తనే చేసేస్తానంటున్నారు. నెల ఖర్చు 45 వేలు, బ్యాంకులో 90 వేలున్నాయి. కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి వల్ల బిల్లు సున్నా, ఎండాకాలం రెండు నెలలు తప్ప. మూడు నాలుగేళ్లలో ఇల్లు బిల్డర్‌కి ఇద్దామని మా మరిది అంటున్నాడు. కరెంటు ఆదాతో పెట్టిన డబ్బు వచ్చేస్తుందా?

జవాబు: రాదండీ. పది నెలలు బిల్లే కట్టని ఇంట్లో ఆదా చేయడానికి ఏముంది? పైగా స్మార్ట్ స్విచ్ ఏ పనీ చేయకపోయినా రోజంతా వైఫై కోసం కాస్త కరెంటు తాగుతూనే ఉంటుంది.

మీరు చూడాల్సింది ఆ రెండు నెలల బిల్లులే. గృహజ్యోతిలో మీ పాత సగటు వాడకం, దాని మీద పది శాతం వరకు ఉచితం. అది దాటినా 200 యూనిట్ల లోపుంటే అదనపు యూనిట్లకే కడతారు. 200 దాటితే మాత్రం మొత్తం బిల్లు మీ నెత్తిన పడుతుంది. అంటే 210 యూనిట్లు కాలితే కరెంటు చార్జీయే 1,200 దాటుతుంది, ఫిక్స్‌డ్ చార్జీ, పన్ను వేరే. దీనికి మందు ఆటోమేషన్ కాదు, ఫ్యాన్లు. పాత ఫ్యాన్ 75 వాట్లు లాగితే కొత్తరకం మోటారుండే బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లతో తిరుగుతుంది. రోజుకు 12 గంటలు తిరిగే రెండు ఫ్యాన్లు మారిస్తే నెలకు 32 యూనిట్లు తగ్గుతాయి. రిమోట్ ఎలాగూ వస్తుంది కాబట్టి దానికి స్మార్ట్ స్విచ్ అక్కర్లేదు. పాత రెగ్యులేటర్ మాత్రం తీయించేయండి.

ఇక బిల్డర్ సంగతి. రేపో మాపో పడగొట్టే ఇంట్లో గోడలు తొలిచి పెట్టే ప్యానెళ్లకు 1.2 లక్షలంటే అక్షరాలా గోడకు వేసిన సున్నమే. స్క్రూడ్రైవర్‌తో విప్పి పట్టుకెళ్లగలిగేవే కొనండి. ఈ విషయంలో నా ఓటు మీవారికే, కొన్ని షరతులతో.

మొదటి ఖర్చు వైరింగ్‌ మీద. మెయిన్ బోర్డులో ఇంకా పింగాణీ ఫ్యూజులే ఉంటే లోడెక్కువైతే పడిపోయే ఎంసీబీలు, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ పెట్టించి, ఎర్తింగ్ చూపించండి. ఈ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌దే, మీవారిది కాదు. ఇల్లు ఎన్నాళ్లున్నా ఇది తప్పదు.

తర్వాత సంపు మోటార్. మీ ఉత్తరంలో లేదు గానీ, ట్యాంకు పొంగిపోయాక ఎవరో కేకేస్తే పరుగెత్తడం ఇక్కడి పాత ఇళ్లన్నిటా ఉన్నదే. స్మార్ట్ ప్లగ్‌తో మోటార్ నడపొద్దు, స్టార్టింగ్‌లో మోటార్ లాగే కరెంటుకు ప్లగ్ లోపలి చిన్న స్విచ్ (రిలే) నిలవదు. ట్యాంకులో ఒకటి, సంపులో ఒకటి ఫ్లోట్ (నీటి మట్టం చూసే తేలే స్విచ్) పెట్టి మామూలు వాటర్ లెవెల్ కంట్రోలర్ బిగిస్తే చాలు. వైఫై లేదు, యాప్ లేదు. నన్నడిగితే మొత్తం ఆటోమేషన్‌లో డబ్బుకు తగిన వస్తువు ఇదొక్కటే.

గీజర్‌కు 16 ఆంపుల స్మార్ట్ ప్లగ్ తీసుకోండి. 10 ఆంపులది చవకని తేవద్దు, వేడికి కరుగుతుంది.

లైట్ల దగ్గర మీవారు ఒకటి గమనించాలి. పాత ఇళ్లలో చాలా స్విచ్ బోర్డులకు కరెంటు తెచ్చే ఫేజ్ వైరే వస్తుంది, రెండో వైరు న్యూట్రల్ నేరుగా లైటుకు పోతుంది. స్విచ్‌ను స్మార్ట్‌గా మార్చే చిన్న వైఫై మాడ్యూళ్లలో ఎక్కువ వాటికి న్యూట్రల్ కావాలి. బోర్డులో ప్లగ్ పాయింట్ ఉంటే అక్కడ న్యూట్రల్ ఉన్నట్టే, అలాంటి బోర్డులే ఎంచుకోమనండి. ఆ కాలం నాటి చెక్క స్విచ్ పెట్టెల్లో చోటుకు కొదవుండదు, మాడ్యూల్ స్విచ్‌ల వెనకే దూరిపోతుంది. పాత స్విచ్ మామూలుగా పనిచేస్తూనే ఉండాలి. లేకపోతే నెట్ పోయిన రాత్రి మామగారు బాత్రూమ్ లైటు కోసం తడుముకోవాలి. కంపెనీ సర్వర్ మూతపడినా నడిచేలా టాస్మోటా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించగలిగే మాడ్యూళ్లు ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్.పి. రోడ్డులో అడగమనండి.

ఇవన్నీ కలిపి 20-25 వేలల్లో అయిపోవాలి. 90 వేలు మీకు రెండు నెలల ఖర్చు, దాన్ని ముట్టుకోకండి. ఈ నెల వైరింగ్, వచ్చే నెల మోటార్, ఎండలు ముదిరేలోగా ఫ్యాన్లు, ఇలా జీతంలోంచే లాగండి. లైట్లు చివర, అదీ మిగిలితేనే.

నో కాస్ట్ ఈఎంఐకి టెంప్ట్ అవ్వొద్దు. వడ్డీని డిస్కౌంట్‌గా చూపిస్తారు గానీ, క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ మీదే, చాలాచోట్ల ప్రాసెసింగ్ ఫీజు కూడా. ఇంకా సంతకం పెట్టలేదు కదా? అడ్వాన్స్ రసీదు మీద రీఫండ్ షరతు ఏం రాశారో చూసి, ఆ 5 వేలు తిరిగివ్వమని ఈ వారమే మెయిల్ పెట్టండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి.