పసిపిల్లల ఫొటోలు: అమెరికా కొత్తగా వచ్చిన మన సిక్కోలు, విజయనగరం వాళ్ళ సందేహాలు

మన వైపు నుంచి కొత్తగా వచ్చిన జంటలు, ముఖ్యంగా మొదటి కాన్పు ఇక్కడే అవుతున్నవాళ్ళు నన్ను అడిగేవి దాదాపు ఒకే రకం ప్రశ్నలు. న్యూబార్న్ షూట్ (పుట్టిన కొత్తలో పసిబిడ్డకి తీయించే ఫొటోలు) చేయించాలా, ఎప్పుడు చేయించాలి, అంత డబ్బు పెట్టాలా, ఫోన్లో మనమే తీసుకుంటే చాలదా, ఊరి నుంచి అమ్మ వచ్చింది ఫొటోలంటే ఒప్పుకోవట్లేదు ఏం చెయ్యాలి అని. నేను న్యూజెర్సీలో పిల్లల పోర్ట్రెయిట్లు తీసే పనిలోనే ఉన్నాను, పుట్టి పెరిగింది శ్రీకాకుళం, అత్తారిది బొబ్బిలి, కాబట్టి ఇక్కడి ఫొటోగ్రాఫర్ మాటా తెలుసు, మన ఇంట్లో అమ్మమ్మ మాటా తెలుసు. అందరికీ విడివిడిగా మెసేజ్ పెట్టే బదులు ఒకేచోట రాసేస్తున్నా, కాస్త పొడుగవుతుంది.

ముందు టైమింగ్. ఇక్కడ స్టూడియో వాళ్ళు పుట్టిన 5వ రోజు నుంచి 14వ రోజు లోపు తీసుకురమ్మంటారు. దానికి కారణం ఉంది, ఆ రోజుల్లో బిడ్డ ఇంకా కడుపులో ఉన్నట్టే ముడుచుకుని పడుకుంటుంది, గాఢంగా నిద్రపోతుంది, ఎలా సర్దినా లేవదు. ఆ తర్వాత కాళ్ళూ చేతులూ చాపడం, కడుపునొప్పి ఏడుపులు, మొహం మీద చిన్న చిన్న పొక్కులు మొదలవుతాయి. కానీ మనకి అదే టైం పురుడు. "ఏటే, పురిట్లో పిల్లకి ఫొటోలేటి, ఆయుష్షు తగ్గిపోద్ది" అంటుంది అమ్మ, వీసా తీసుకుని అంత దూరం విమానంలో వచ్చి మీ ఇద్దరికీ వండిపెడుతున్న మనిషి మాట అది. దాని మీద ఇంట్లో గొడవ పెట్టుకోకండి. 14 రోజులనేది శాస్త్రమేం కాదు, బాలసారె అయ్యాక 22వ రోజో 25వ రోజో బట్టలో చుట్టి తీసినా చక్కగా వస్తాయి, మరీ బంతిలా ముడుచుకున్న పోజులు రావు అంతే, నన్నడిగితే అవి లేకపోయినా నష్టం లేదు. ఈలోపు ఫోన్లో పాదాలూ, గుప్పెట్లూ, అమ్మ చేతిలో బిడ్డ చెయ్యీ తీసుకోండి, మొహం లేని ఫొటోకి చాలామంది పెద్దవాళ్ళు అభ్యంతరం చెప్పరు.

ఒక్క సెషన్‌కే డబ్బులున్నాయి, ఏది ఎంచుకోమంటారు అంటే మాత్రం నేను న్యూబార్న్ చెప్పను. 7, 8 నెలలప్పుడు చేయించండి. అప్పటికి బిడ్డ ఆసరా లేకుండా కూర్చుంటుంది, పేరు పిలిస్తే చూస్తుంది, నవ్వుతుంది, ఇంకా పాకి పారిపోవడం అంతగా రాదు. అన్నప్రాశన అయిన కొత్తలో అన్నమాట. ఏడాది పుట్టినరోజుకి కేక్ స్మాష్ అని, బిడ్డ ముందు కేకు పెట్టి చేత్తో చిదుముకోనిచ్చి తీస్తారు చూడండి, అది ఇష్టమైతే చేయించండి గానీ ఏడాది నిండకముందే తీస్తుంటే ఆ కేకులో తేనె లేకుండా చూసుకోండి, ఏడాది నిండని పిల్లలకి తేనె పెట్టొద్దని ఇక్కడి డాక్టర్లు గట్టిగా చెప్తారు, బొటులిజం అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. అన్నప్రాశనలో తేనె నాకించే అలవాటున్న ఇళ్ళకి కూడా ఇదే మాట.

ఇంకోటి, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. ఇన్‌స్టాలో పసిబిడ్డ రెండు అరచేతుల మీద గడ్డం ఆనించుకుని కప్పలా కూర్చున్న ఫొటో చూసి ఇంట్లో ట్రై చేస్తున్నారు. ఆ పోజులో బిడ్డ తనంతట తాను ఎప్పుడూ కూర్చోదు. ఒకసారి మనిషి తల పట్టుకుని తీస్తారు, ఇంకోసారి చేతులు పట్టుకుని తీస్తారు, ఆ రెండు ఫొటోలనీ కంప్యూటర్లో కలిపి పట్టుకున్న చేతులు చెరిపేస్తారు. ఆ వయసులో మెడ నిలవదు, గడ్డం ఛాతీకి ఆనిందంటే ఊపిరి అందదు. అందుకే ఫొటోగ్రాఫర్‌ని బుక్ చేసేముందు సూటిగా అడగండి, ఆ పోజు ఎలా తీస్తారు, బిడ్డ పక్కన చెయ్యేసి ఉండే మనిషి ఎవరు, బుట్టలో పెడితే అది ఒరగకుండా అడుగున బరువు పెడతారా, కోరింత దగ్గు టీకా టీడాప్ వేయించుకున్నారా, ఇన్సూరెన్స్ ఉందా. తెలిసినవాళ్ళు విసుక్కోకుండా జవాబిస్తారు. విసుక్కున్నారంటే ఇంకొకరిని చూసుకోండి. గది 80 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర వెచ్చగా ఉండాలి, మనకి చెమట పడుతుంటే బట్టల్లేని బిడ్డకి సరిగ్గా ఉందని లెక్క. షూట్‌లో వాడే దుప్పట్లూ దిండ్లూ అక్కడితో సరి, ఇంట్లో బిడ్డని వెల్లకిలా, గట్టి పరుపు మీద, పక్కన మెత్తటివేవీ లేకుండా పడుకోబెట్టాలి.

ఇప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువగా చెప్పాలనుకున్నది. అమ్మ గానీ అత్తగారు గానీ మీ దగ్గరుంటే, స్టూడియోకంటే గొప్ప ఫొటో మీ బాత్రూంలో రోజూ పొద్దున్నే జరుగుతోంది. ఆవిడ చీర మోకాళ్ళ పైకి దోపుకుని, టబ్బు పక్కన చిన్న పీట మీద కూర్చుని, కాళ్ళు బారచాపి, ఆ కాళ్ళ మధ్య పల్లంలో బిడ్డని పడుకోబెట్టి నూనె రాసి నలుగు పెడుతుంటుంది చూడండి. బోర్లా తిప్పి వీపు మీద గోరువెచ్చటి నీళ్ళు చెంబుతో పోస్తుంటే ఒక చెయ్యి ఎప్పుడూ బిడ్డ నుదుటి దగ్గర అడ్డంగా ఉంటుంది, నీళ్ళు కళ్ళల్లో, ముక్కులో పడకుండా. ఆ చెయ్యి తీయండి. ఆవిడ మట్టిగాజుల మీద నిలిచిన నీటిబొట్టు తీయండి. బాత్రూం తలుపు పూర్తిగా తెరిచి, పక్కగది కిటికీ కర్టెన్లు తీసేస్తే వెలుగు చాలు, ఫ్లాష్ అక్కర్లేదు. నీళ్ళు పోశాక బిడ్డ పాలు తాగి రెండు మూడు గంటలు ఒళ్ళు తెలియకుండా పడుకుంటుంది, న్యూబార్న్ ఫొటోగ్రాఫర్లు గది వేడి చేసి, హోరు శబ్దం పెట్టి, గంటసేపు కష్టపడి తెప్పించే నిద్ర అదే, మన అమ్మలు రోజూ తెప్పిస్తున్నారు. మీ ఫొటోలన్నీ ఆ నిద్రలో తీసుకోండి. సాంబ్రాణి మాత్రం వద్దు, అపార్ట్‌మెంట్లో స్మోక్ అలారం మోగుతుంది, ఆ పొగ బిడ్డ ఊపిరితిత్తులకీ మంచిది కాదు.

చుట్టడానికి ఇక్కడ కొన్న మెరిసే బట్టలకంటే ఊరి నుంచి వచ్చేవాళ్ళ చేత ఒక పొందూరు ఖద్దరు పంచె తెప్పించుకోండి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, చేత్తో వడికిన నూలు అది, రెండు మూడుసార్లు ఉతికితే ఒంటికి హాయిగా ఉంటుంది, మెరుపు ఉండదు కాబట్టి కెమెరాలో కళ్ళన్నీ బిడ్డ మీదే ఉంటాయి.

ఎడిటింగ్ దగ్గర జాగ్రత్త. ఇక్కడి రీటచింగ్ వాళ్ళకి దిష్టిచుక్క తెలీదు, బుగ్గ మీద మచ్చ అనుకుని తీసేస్తారు. నల్ల మొలతాడు దారం అనుకుని చెరిపేస్తారు. ముందే ఈమెయిల్లో రాసి పెట్టండి, బుగ్గ మీద, అరికాలి మీద ఉన్న చుక్క, నడుం తాడు, కాళ్ళ కడియాలు ఉంచాలి అని. కాటుక విషయానికొస్తే, దాంట్లో సీసం ఉండొచ్చని ఇక్కడి ఎఫ్‌డీఏ (ఆహారం, మందులు, కాస్మెటిక్స్ చూసే ప్రభుత్వ సంస్థ) ఎప్పటినుంచో హెచ్చరిస్తోంది, కాబట్టి కళ్ళకి పెట్టొద్దు, చుక్కకి ఇక్కడ దొరికే ఐబ్రో పెన్సిల్ చాలు. మన పిల్లల్లో చాలామందికి నడుం దగ్గరా పిర్రల మీదా నీలం మచ్చలుంటాయి, పుట్టుకతో వచ్చేవి, ఏళ్ళు గడిచేకొద్దీ చాలావరకు పోతాయి, వాటిని చూసి దెబ్బలనుకునే వాళ్ళుంటారు గనక పిల్లల డాక్టర్‌కి మొదటి విజిట్‌లోనే చూపించి రికార్డులో రాయించండి. ఇక రంగు. మన ఊళ్ళో స్టూడియోల్లో మొహం తెల్లగా చేసి ఇవ్వడం అలవాటు, ఇక్కడ కొందరు ఎక్స్‌పోజర్ పెంచేసి అదే పని చేస్తారు. బిడ్డ చామనఛాయ అయితే చామనఛాయే రావాలి, నాకు దీని మీద చాలా పట్టుదల, తల్లిదండ్రులే తెల్లగా చెయ్యమని అడిగితే కూర్చోబెట్టి మాట్లాడతాను. ఫోన్లో బ్యూటీ ఫిల్టర్ ఆన్‌లో ఉందేమో కూడా చూసుకోండి, కొన్ని ఫోన్లలో కొన్నప్పటి నుంచే ఉంటుంది.

మీరే తీసుకునేటప్పుడు లైట్ గురించి ఒక్కటి గుర్తుంచుకుంటే సగం పని అయిపోయినట్టే. ఎండ నేరుగా పడని కిటికీ, వీలైతే ఉత్తరం వైపుది చూసుకుని, సీలింగ్ లైట్లు ఆపేసి, బిడ్డ తల కిటికీ వైపు వచ్చేలా పడుకోబెట్టండి. వెలుగు నుదుటి నుంచి గడ్డం వైపు జారాలి. కాళ్ళ వైపు నుంచి వస్తే ముక్కు నీడ పైకి పడి మొహం భయంగా కనిపిస్తుంది. కెమెరా ఉంటే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ చాలు (ఎఫ్ అంటే లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ ఎక్కువ తెరుచుకుంటుంది), కానీ 1.8లోనే తీస్తే ఒక కన్ను ఫోకస్, ఇంకోటి మసక అవుతుంది, 2.8కో 3.5కో పెట్టండి. నిద్రపోతుంటే షటర్ స్పీడ్ సెకనులో 1/125 వంతు చాలు, నడిచే పిల్లలకి 1/500 కంటే నెమ్మదిగా పెట్టొద్దు, దానికోసం ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పట్టే శక్తి) 1600 పెట్టాల్సొస్తే పెట్టేయండి. నడిచే పిల్లల్ని నిలబడి తీయకండి, నేల మీద పడుకునైనా సరే వాళ్ళ కళ్ళ ఎత్తుకి రండి.

పాస్‌పోర్ట్ ఫొటో చాలామంది అడుగుతారు. ఇక్కడ పుట్టిన బిడ్డ అమెరికా పాస్‌పోర్ట్‌కి ఫొటో 2 అంగుళాలు బై 2 అంగుళాలు, తల సైజు 25 నుంచి 35 మిల్లీమీటర్ల మధ్య, వెనక తెలుపు. తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టి పైనుంచి తీయొచ్చు, లేదా కార్ సీటు మీద తెల్ల బట్ట కప్పి కూర్చోబెట్టి తీయొచ్చు. పట్టుకున్న చెయ్యి ఫ్రేములో కనిపించకూడదు, మొహం మీద నీడ పడకూడదు. మరీ పసిబిడ్డలకి కళ్ళు పూర్తిగా తెరుచుకోకపోయినా ఒప్పుకుంటారు. ఈ ఫొటోకి దిష్టిచుక్క తుడిచేయండి. 16 ఏళ్ళలోపు పిల్లలకి డీఎస్-11 ఫారంతో తల్లీతండ్రీ ఇద్దరూ వెళ్ళాలి, ఆ పాస్‌పోర్ట్ 5 ఏళ్ళే పనికొస్తుంది. ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న మనవాళ్ళకి భారత ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఫొటో రూల్స్ వేరుగా ఉంటాయి, అదే ఫొటో వాడేయకుండా అప్లోడ్ చేసే రోజున చదువుకోండి.

మొదటిసారి ఊరెళ్ళినప్పుడు ఫొటోలన్నీ మొదటి రోజే తీసేయాలని కూర్చోకండి. 8, 9 నెలలు దాటిన పిల్లలు కొత్త మొహాలకి ఏడుస్తారు, వీడియో కాల్లో రోజూ చూసిన తాతైనా సరే ఎత్తుకుంటే ఏడుస్తారు, పెద్దాయన మనసు చివుక్కుమంటుంది. రెండు మూడు రోజులు ఆగి, తాత ఆవుకి గడ్డి వేస్తుంటేనో, పెరట్లో మొక్కలకి నీళ్ళు పోస్తుంటేనో పిల్లని పక్కన వదలండి, అప్పుడు దూరం నుంచి తీయండి. మధ్యాహ్నం ఎండలో వద్దు, వీధరుగు నీడలో పొద్దున్న 8 లోపు వచ్చే వెలుగు చాలా బాగుంటుంది. ఏసీ గదిలోంచి కెమెరా అలాగే బయటికి తెస్తే మన ఉక్కకి లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది, బ్యాగులోనే ఉంచి ఓ అరగంట బయట పెట్టి అప్పుడు తీయండి. కళింగపట్నం బీచ్‌కి వెళ్తే సముద్రం తూర్పున ఉంది కాబట్టి పొద్దున్న సూర్యుడు పిల్లల వెనకుంటాడు, మొహాలు చీకటి పడతాయి. సాయంత్రం అయితే వెలుగు మొహం మీద పడుతుంది. నీళ్ళ అంచుకి మాత్రం పిల్లల్ని పంపొద్దు, ఒక పెద్దమనిషి కెమెరా లేకుండా ఖాళీ చేతులతో పక్కనే ఉండాలి.

కాంట్రాక్టు చదవకుండా సంతకం పెట్టకండి. చాలాచోట్ల సెషన్ ఫీజు వేరు, ఫొటో ఫైళ్ళకి డబ్బు వేరు. మీరు డబ్బిచ్చినా కాపీరైట్ మామూలుగా ఫొటోగ్రాఫర్‌దే, మీకొచ్చేది ప్రింట్ చేసుకునే అనుమతి. మీ బిడ్డ ఫొటో వాళ్ళ పేజీలో పెట్టుకోవచ్చా అన్న లైను విడిగా ఉంటుంది, ఇష్టం లేకపోతే కొట్టేయించండి, మొహమాటపడాల్సిన పని లేదు.

ఆఖరిది, చెల్లెళ్ళు ఎక్కువగా అడిగేది. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఇంట్లోనే ఉన్నాను, కెమెరా ఉంది, ఫ్రెండ్స్ పిల్లలకి తీసి కొంచెం డబ్బు తీసుకోవచ్చా అని. ఈఏడీ కార్డు (పని చేసుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) లేకుండా తీసుకోకూడదమ్మా. క్యాష్ అయినా, జెల్ (Zelle)లో పంపినా అది పని కిందికే వస్తుంది, రేపు గ్రీన్‌కార్డు టైంలో ఇబ్బంది. 2015 నుంచి కొందరు హెచ్-4 వాళ్ళకి ఈఏడీ ఇస్తున్నారు, ముఖ్యంగా భర్తకో భార్యకో ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయినవాళ్ళకి, మీకు వర్తిస్తుందో లేదో ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. ఎఫ్-2 (స్టూడెంట్ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఉంటే అసలు కుదరదు. కార్డు వచ్చేదాకా మీ పిల్లల్నే తీస్తూ చెయ్యి తిప్పుకోండి, చుట్టడం, లైట్ చూడడం, ఏడుస్తున్న బిడ్డని సముదాయించడం అన్నీ అప్పటికి వచ్చేస్తాయి, కార్డు రాగానే మీ రాష్ట్రంలో బిజినెస్ రిజిస్ట్రేషన్, సేల్స్ టాక్స్, ఇన్సూరెన్స్ చూసుకుని మొదలుపెట్టండి, అప్పుడు ఏ డౌట్ ఉన్నా నన్ను అడగండి.