నేతల స్పీచుల్లో తప్పుడు లాజిక్‌ని ఎలా పట్టుకోవాలి?

స్పీచ్ వింటున్నప్పుడు కరెక్టే అనిపించి తర్వాత ఏదో తేడాగా ఉందే అనిపిస్తే ఎలా కనిపెట్టాలని అడిగారు. నేనైతే ముందు అడిగిందేంటి, చెప్పింది దాని గురించేనా అని చూస్తా. మన హైదరాబాద్‌లో వానాకాలం రోడ్లు మునుగుతాయి కదా, నాలాల పూడిక ఎందుకు తీయలేదంటే "మీరున్నప్పుడు ఏం చేశారు" అని ఎదురు ప్రశ్నేస్తారు, చప్పట్లు కూడా పడతాయి, నాలా సంగతి మాత్రం అక్కడే ఉండిపోద్ది. పాతోళ్ళు చేయకపోవడం నిజమే కావచ్చు, కానీ అది వేరే ప్రశ్న.

"మేం వచ్చాకే చెరువులు నిండాయి" అనేది ఇంకో రకం. తర్వాత జరిగింది కాబట్టి దానివల్లే జరిగిందనడం. వానలు తెచ్చేది నైరుతి రుతుపవనాలు, వీళ్ళు పూడిక తీయించుంటే ఆ లెక్క చూపించమనాలి.

నా దృష్టిలో అన్నిటికంటే డేంజర్ ఎదుటోళ్ళ మాటని మెలితిప్పడం. మూసీ నది ఒడ్డున ఇళ్ళు తీసేముందు పునరావాసం చూపించండి అంటే "వీళ్ళకి మూసీ బాగుపడటం ఇష్టం లేదు" అంటారు, అసలు అడిగింది అది కానే కాదు. ఇదేం కొత్త కాదండి, న్యాయశాస్త్రంలో, అంటే కోర్టుల చట్టం కాదు, మన పాత తర్కశాస్త్రంలో, దీనికి దగ్గరగా ఉండేదాన్ని ఛలం అన్నారు. నవ అంటే కొత్త అనీ, తొమ్మిది అనీ రెండర్థాలు కదా, నవకంబళం అంటే కొత్త కంబళి అని ఒకడంటే, తొమ్మిది కంబళ్ళు ఎక్కడున్నాయని ఇంకొకడు దబాయించడం అన్నమాట. మనం రోజూ వాడే వితండవాదం కూడా అక్కడిదే, తన వాదన ఏంటో చెప్పకుండా ఎదుటోడిది కొట్టేయడమే పని.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, లాజిక్ తప్పైనంత మాత్రాన చెప్పిన విషయం అబద్ధం అయిపోదు, దాన్ని విడిగా చెక్ చేసుకోవాలి.