ఇన్వర్టర్ కొనే ముందు ఇంటి లోడు తగ్గించండి

రాబోయే వేసవుల్లో కరెంటు కోతలు పెరిగితే పెద్ద ఇన్వర్టర్ కొనాలా, సోలార్ పెట్టించాలా అని అడిగారు. విజయవాడలో పై అంతస్తులో కాపురం ఉంటున్నాం కాబట్టి చెబుతున్నాను: ఆ రెండూ తర్వాత. ముందు ఇంట్లో కరెంటు వాడకం తగ్గించండి.

2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే (కరెంటు వాడకూడని రోజు) ప్రకటించారు. ఇళ్లకూ కోతలు తప్పలేదు. అప్పుడు మా వీధిలో చాలామంది ఇన్వర్టర్లు తెచ్చుకున్నారు. ఇన్వర్టర్ కరెంటును పుట్టించదు, గ్రిడ్ నుంచి తీసుకుని దాస్తుంది. దాచడంలో కొంత వేడిగా పోతుంది కూడా. కరెంటు రాగానే వీధంతా ఒకేసారి చార్జింగ్ మొదలైతే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం ఇంకా పెరుగుతుంది.

అందుకే మేము ముందు ఫ్యాన్లు మార్చాం. పాత సీలింగ్ ఫ్యాన్ పూర్తి వేగంలో 75 వాట్ల దాకా తీసుకుంటుంది. తక్కువ కరెంటుతో నడిచే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 చాలు. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలో లెక్క ప్రకారం 1,800 వాట్-అవర్లు ఉంటాయి, నష్టాలు పోను 1,200 అనుకోండి. పాత ఫ్యాన్లు నాలుగు తిరిగితే నాలుగు గంటలకే ఖాళీ. కొత్తవి నాలుగైతే పది గంటలు, అంటే రాత్రంతా. బ్యాటరీ మాత్రం అదే! ధర ఎక్కువ కాబట్టి ముందు పడకగదుల్లో మార్చండి. పాత రెగ్యులేటర్‌ను ఎలక్ట్రీషియన్‌తో తీయించడం మరవకండి.

తర్వాత డాబా. పగలంతా కాగిన స్లాబు పొద్దుపోయాక కూడా గదిలోకి వేడి వదులుతూనే ఉంటుంది. దాని మీద ఎండను తిప్పికొట్టే తెల్లని కూల్ రూఫ్ పెయింట్ వేయించాక మాకు ఏసీ అవసరం బాగా తగ్గింది. సున్నమైనా పనిచేస్తుంది, కాకపోతే వానలకు కొట్టుకుపోతుంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్‌ల కోసం ఒక విధానమే తెచ్చింది, ప్రతి రాష్ట్రమూ తేవాలి. ఫ్రిజ్ తలుపు రబ్బరు వదులైతే అదీ మార్చించండి.

ఇక సోలార్. కేంద్ర ప్రభుత్వ పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. బిల్లు తగ్గడానికి మంచిదే. కానీ బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ (గ్రిడ్‌కు కలిపి నడిచే) సోలార్ కోత సమయంలో పనిచేయదు. లైన్లు బాగుచేసే సిబ్బందికి షాక్ తగలకుండా అది తనంతట తానే ఆగిపోతుంది. కొనేముందు ఈ సంగతి తప్పకుండా అడగండి. కోతల్లోనూ నడవాలంటే సోలార్, గ్రిడ్, బ్యాటరీ మూడింటితోనూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికి బ్యాటరీ ఉండాలి. ఎంత సామర్థ్యం కావాలో ఫ్యాన్లు మార్చాకే లెక్క కట్టించండి.